చేతి తుపాకి ఎంత సిద్ధముగా ఉండవలెను? – ఒక పాత ప్రశ్న చరిత్ర

జంగారెడ్డిగూడెము దాటి బుట్టాయిగూడెము దారి పట్టినవారికి కొంత దూరము పోగానే నేల స్వరూపము మారుట కనబడుతుంది. మెట్టభూములలోని పొగాకు, మొక్కజొన్న, ఆయిలుపామ్ తోటలు వెనుకబడి, గుట్టలూ అడవీ మొదలవుతవి. అడవి అంచున సేద్యము చేసేవారికి అడవిపందుల బెడద తప్పదు. మా తాతయ్యది అటువంటి ఊరే. ఆయన వద్ద లైసెన్సుగల ఒంటిగొట్టపు తుపాకి ఒకటి ఉండేది. గొట్టము మూతి నుండి మందు, గుడ్డపీలిక, గుండ్లు దట్టించి, వెనుక చిన్న రాగి కేపు తొడిగి పేల్చవలసిన పాతకాలపు తుపాకి అది.

పంట కోతకు వచ్చిన రోజులలో ఆ తుపాకి మందు దట్టించియే వసారాలోని కొయ్యకు వ్రేలాడుతూ ఉండేది. కాని కేపు మాత్రము దానికి ఉండేది కాదు. కేపులు ఒక చిన్న ఇత్తడి డబ్బీలో, డబ్బీ తాతయ్య రొంటిలో ఉండేవి. “తాతయ్యా, పంది వచ్చినప్పుడు కేపు వెదుక్కుంటూ కూర్చుంటే అది పారిపోదా?” అని చిన్నతనములో నేనొకమారు అడిగినాను. “పోతే పోతుందిరా. పందికంటే ఇంట్లో మీకే తొందరెక్కువ” అన్నాడాయన.

ఒక ఏడాది కోతల కాలములో ఆయన జ్వరముతో పడుకున్నాడు. కాపలాకు వెళ్లిన మనిషి తెల్లవారుజామున తిరిగివచ్చి, కేపు తీయకుండానే తుపాకిని కొయ్యకు తగిలించినాడు. ప్రొద్దెక్కిన తరువాత ఎవరి భుజము తగిలినదో తెలియదు. తుపాకి జారి అరుగుపై పడి పేలినది. గుండ్లు వసారా పెంకులలో దూరినవి. ఆ పెంకుల క్రింద రెండడుగుల దూరములో మా చిన్నమ్మ కూతురు పలక పట్టుకొని కూర్చుని ఉన్నది. ఆమెకేమీ కాలేదు. కాని ఆ రోజు మధ్యాహ్నము మా ఇంట ఎవ్వరూ అన్నము తినలేదు.

ఆత్మరక్షణకో, పంట రక్షణకో ఆయుధము ఉంచుకొనే ప్రతివానికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. దానిని తక్షణము పేలేటట్లు ఉంచితే ప్రమాదము. పేలకుండ కట్టివేసి ఉంచితే అవసరానికి అక్కరకు రాదు. ఈ రెండింటి నడుమ ఎక్కడ నిలువవలెను? ఈ ప్రశ్న చేతి తుపాకితోనే పుట్టినది. గత అయిదు శతాబ్దములలో తుపాకి యంత్రములో వచ్చిన మార్పులలో చాలా భాగము దీనికి సమాధానము చెప్పుటకు జరిగిన ప్రయత్నములే. ఆ కథను క్రమముగా పరిశీలింతము.

వత్తి తుపాకి కాలము

తొలినాటి తుపాకులకు నిప్పు బయటి నుండి అందవలసి ఉండేది. సురేకారములో, అనగా పొటాసియం నైట్రేటు ద్రావణములో నానబెట్టి ఆరబెట్టిన త్రాడు మంట లేకుండ నిదానముగా రాజుకుంటూ ఉంటుంది. నైట్రేటు తనలోని ఆక్సిజనును అందిస్తూ ఉండుటయే దీనికి కారణము. ఈ వత్తిని ఒక వంకర కొక్కెమునకు బిగించి, మీట నొక్కగానే అది పళ్లెములోని మందుపై వాలేటట్లు పదునైదవ శతాబ్దిలో ఏర్పాటు చేసినారు. ఇదే వత్తి తుపాకి. మన దేశములో ఇది పంతొమ్మిదవ శతాబ్ది వరకు విరివిగా వాడుకలో ఉన్నది.

వత్తి తుపాకిని సిద్ధముగా ఉంచుట అంటే వత్తిని వెలిగించి ఉంచుట. వెలుగుతున్నంతసేపూ త్రాడు ఖర్చవుతుంది. చీకటిలో దాని మొన ఎఱ్ఱగా కనబడుతుంది; వాసన దూరమునకు తెలుస్తుంది; వాన పడితే ఆరిపోతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, అదే మనిషి నడుముకు మందు కొమ్ము కూడ వ్రేలాడుతూ ఉంటుంది. కనుక వత్తి తుపాకిని చిన్నదిగా చేసి నడుములో దోపుకొని తిరుగుట సాధ్యము కాదు. నిప్పుకణికను ఒడిలో పెట్టుకొని ఎవడు తిరుగగలడు? యుద్ధరంగములో బారులు తీరి నిలిచిన సైనికునికి పనికివచ్చిన ఆ యంత్రము, నిత్యము వెంట ఉంచుకొనదలచిన బాటసారికి పనికిరాలేదు.

చక్రము, దానితోపాటు చట్టము

పదునారవ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో చక్రపు తుపాకి వెలసినది. గరుకు అంచుగల ఉక్కు చక్రమును తాళపుచెవితో త్రిప్పి స్ప్రింగును బిగించి ఉంచుతారు. మీట నొక్కగానే చక్రము గిఱ్ఱున తిరిగి, దానికి ఆనుకొని ఉన్న మాక్షికపు రాయి నుండి నిప్పురవ్వలు రాల్చుతుంది. ఇటువంటి యంత్రపు చిత్రములు లియొనార్డో డావించి వ్రాతప్రతులలో కూడ కలవు. ఇక్కడ నిప్పు ముందుగా ఉండదు. అవసరమైన క్షణమున పుడుతుంది. శక్తిని స్ప్రింగులో నిలువచేసి, కావలసినప్పుడు విడుదల చేయుట అన్న భావము తుపాకిలో ప్రవేశించినది.

ఫలితము ఊహింపదగినదే. మందు దట్టించి, స్ప్రింగు బిగించి, అంగీ క్రింద దాచుకొని గంటలతరబడి తిరుగదగిన ఆయుధము మొదటిసారిగా మానవుని చేతికి వచ్చినది. పాలకులు వెంటనే బెదరినారు. 1517లో చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ తన రాజ్యములో ఇట్టి స్వయముగా నిప్పు పుట్టించే తుపాకులను నిషేధించినాడు. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ కాలమున 1541 నాటి శాసనము ఒక గజము కంటె పొట్టియైన చేతి తుపాకులను కూడదన్నది. దాచుటకు వీలుగానుండుటయే అక్కడ అభ్యంతరము. వారి భయము వట్టిది కాదు. 1584 జూలై 10న డెల్ఫ్ట్ నగరములో డచ్చి నాయకుడైన విలియం ఆఫ్ ఆరెంజ్‌ను ఆయన నివాసములోనే బాల్తజార్ గెరార్డ్ అనువాడు పిస్తోలుతో కాల్చి చంపినాడు.

అప్పటి నుండి సన్నద్ధత కేవలము యంత్రశాస్త్రపు సమస్యగా ఉండక, న్యాయశాస్త్రపు సమస్య కూడ అయినది. తుపాకి నాకు ఎంత సిద్ధముగా ఉంటే, నా ఎదుటివానికి అంత భయము.

చెకుముకి రాయి, సగములోని గాటు

చక్రపు తుపాకి ఖరీదైనది, గడియారమువలె సున్నితమైనది. పదునేడవ శతాబ్ది మొదట ఫ్రాన్సులో రూపొందిన చెకుముకి తుపాకి చౌకయైనది, మోటుది. మన పెద్దలు పొయ్యి రాజేయుటకు వాడిన చెకుముకి రాయినే సుత్తికి బిగించి, దానిని ఉక్కు పలకపై కొట్టించి రవ్వలు పుట్టించినారు.

ఇందులో సుత్తికి రెండు నిలుకడలు ఉన్నవి. పూర్తిగా వెనుకకు లాగితే పేలుటకు సిద్ధము. సగము వరకు లాగి ఒక లోతైన గాటులో నిలిపితే మీట నొక్కినా సుత్తి పడదు. తుపాకిలోనే అమర్చిన తొలి భద్రతా సాధనములలో ఈ సగపు గాటు ముఖ్యమైనది. పిస్తోలును దట్టించి, సగపు గాటులో ఉంచి, గుఱ్ఱపు జీనుకు తగిలించుకొని ప్రయాణము చేసేవారు. అయితే ఈ భద్రత అంతయూ ఒక చిన్న ఉక్కు అంచుపై ఆధారపడినది. అది అరిగినా, విరిగినా, సుత్తిపై గట్టి దెబ్బ తగిలినా గాటు జారి తుపాకి పేలేది.

ఆంధ్రదేశములో ఇట్టి తుపాకులను పెద్దయెత్తున చూచిన తొలి యుద్ధములలో బొబ్బిలి యుద్ధమొకటి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, తుపాకి దళములతో బొబ్బిలి కోటను నేలమట్టము చేసినాడు. అయినను కొద్ది రాత్రుల తరువాత తాండ్ర పాపయ్య గుడారములో ప్రవేశించి విజయరామరాజును బాకుతోనే పొడిచి చంపినాడు. చుట్టూ పెద్ద సైన్యము ఉన్నది. దాని తుపాకులన్నియు ఉన్నవి. నిద్రలో ఉన్నవానికి అవి అక్కరకు రాలేదు. ఆయుధము సిద్ధముగా ఉండుట వేరు, మనిషి సిద్ధముగా ఉండుట వేరు అన్న సంగతి మన చరిత్రలో ఇంత స్పష్టముగా కనబడే ఘట్టము అరుదు.

రసాయన శాస్త్రము ఇచ్చిన కేపు

1800లో ఎడ్వర్డ్ హోవార్డ్ అను ఆంగ్ల రసాయనజ్ఞుడు మెర్క్యురీ ఫల్మినేటు తయారుచేయు విధానమును ప్రకటించినాడు. ఈ పదార్థమునకు నిప్పు అక్కరలేదు. దెబ్బ తగిలితే చాలు, పేలుతుంది. అణువులోని బంధములు బలహీనములగుటచే కొద్దిపాటి శక్తి తగులగానే అవి తెగి, అంతకు ఎన్నో రెట్ల శక్తి వెలువడుతుంది. స్కాట్లండులో మతగురువైన అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో దెబ్బతో పేలే మందును తుపాకికి అన్వయించి పేటెంటు పొందినాడు. తరువాతి పదునైదేండ్లలో అది చిన్న రాగి టోపీ రూపమును ధరించినది. మా తాతయ్య ఇత్తడి డబ్బీలోని కేపులు ఆ జాతివే.

కేపుతో రెండు మేలులు కలిగినవి. వానలో కూడ తుపాకి పేలుట ఒకటి. రెండవది మన ప్రశ్నకు సంబంధించినది: తుపాకి సన్నద్ధతను ఒక చిన్న రాగి బిళ్లగా విడదీసి జేబులో వేసుకొనే వీలు కలిగినది. మందు దట్టించుటకు చాలాసేపు పట్టును. కేపు తొడుగుటకు కొన్ని క్షణములు చాలును. ఆ కొన్ని క్షణముల ఆలస్యమును భద్రతకు ఇచ్చిన వెలగా మా తాతయ్యవంటి వేలకొలది రైతులు లెక్కించినారు. ఏ ఆచార్యుడూ వారికి ఈ లెక్క చెప్పలేదు.

కాని ఇక్కడొక సత్యము మరువరాదు. మా వసారాలో జరిగినట్లు, కేపు తీయుట మనిషి చేయవలసిన పని. మనిషి మరచిన రోజున ఆ భద్రత లేదు.

రివాల్వరు: ఖాళీగా ఉంచిన అర

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వరుకు పేటెంటు పొందినాడు. తిరిగే స్తంభములో అయిదో ఆరో అరలు. ఒక్కొక్క అరలో ఒక్కొక్క గుండు. 1857 నాటి తిరుగుబాటు కాలమునకు బ్రిటిషు అధికారులలో పలువురు కోల్ట్ రివాల్వరునో, 1851లో వెలువడిన ఆడమ్స్ రివాల్వరునో ధరించి ఉండిరి.

ఆ తిరుగుబాటు సెగ మన ప్రాంతమును కూడ తాకినది. గోదావరి తీరపు కొండలలో కోరుటూరు గ్రామమునకు చెందిన కారుకొండ సుబ్బారెడ్డి తిరుగబడి, పట్టుబడినాడు. 1858 అక్టోబరు 7న ఆయనను బుట్టాయిగూడెములో ఉరితీసినారు. ఈనాడు జంగారెడ్డిగూడెము నుండి బస్సులో సులువుగా పోయి రాగల ఊరు అది. ఆ కాలమున కలిగిన భయము తెల్లదొరలను విడువలేదు. 1878లో లిట్టన్ ప్రభుత్వము భారత ఆయుధ చట్టమును చేసి, లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధము ధరించరాదని శాసించినది. ఐరోపావారికి మాత్రము ఆ నిర్బంధము లేకుండెను.

రివాల్వరుతో పాత చిక్కు మరల వచ్చినది. తొలినాటి పలు రివాల్వర్లలో సుత్తి మొన నేరుగా కేపుపైనో తూటా అడుగుపైనో ఆనుకొని ఉండేది. తుపాకి క్రిందపడి సుత్తికి దెబ్బ తగిలితే పేలుట ఖాయము. 1873 నాటి కోల్ట్ సైనిక రివాల్వరులో కూడ ఈ లోపమున్నది. అందుచేత అనుభవజ్ఞులు ఆరు అరలలో అయిదింటినే నింపి, సుత్తిని ఖాళీ అరపై దించి ఉంచేవారు. ఆరవ గుండును వదలుకొని ప్రాణమును దక్కించుకొనుట అన్నమాట. పంతొమ్మిదవ శతాబ్ది చివర సుత్తికీ సూదికీ నడుమ ఒక చిన్న లోహపు కడ్డీని పెట్టు పద్ధతి వచ్చినది. మీటను పూర్తిగా నొక్కినప్పుడే ఆ కడ్డీ పైకి లేచి దెబ్బను సూదికి అందించును. లేకున్న సుత్తి సూదిని తాకనే తాకదు. యంత్రమే మనిషి మతిమరపును సరిదిద్దుట ఇక్కడ మొదలైనది.

మరియొక ఉపాయము మీట బరువు. ఒకే నొక్కుతో సుత్తిని లేపి దింపే రివాల్వరు మీటను నొక్కుటకు సుమారు నాలుగున్నర నుండి అయిదున్నర కిలోల బలము కావలెను. అంత బలము పొరపాటున పడుట అరుదు. అందుచేతనే ఇట్టి రివాల్వరుకు బయట వేరే భద్రతా మీట సాధారణముగా ఉండదు. కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారములో తయారై మన దేశమున పలువురు లైసెన్సుదారుల వద్ద ఉన్న పాయింట్ 32 రివాల్వరు కూడ ఒకే నొక్కుతో సుత్తిని లేపి దింపగలదే.

మన్యము నేర్పిన పాఠము

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనును ముట్టడించినాడు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, రెండువేలకు పైబడి తూటాలు ఆయన వశమైనవి. తీసికొన్నవాటి వివరములను స్టేషను పుస్తకములో వ్రాసి సంతకము చేసి వెళ్లుట ఆయన పద్ధతి.

ఇవి పొడుగు తుపాకులే గాని చేతి తుపాకులు కావు. అయినను మన ప్రశ్న ఇక్కడ ఇంకొక ముఖముతో ఎదురవుతుంది. స్టేషనులో తుపాకులు ఉన్నవి, తూటాలు ఉన్నవి. కాని వాటిని చేతబట్టి నిలిచినవారు లేరు. కాపలా లేని ఆయుధము యజమానిది కాదు, ముందుగా చేరినవానిది. పోలీసువారు ఈ పాఠమును త్వరగానే నేర్చుకొన్నారు. అక్టోబరు 15న అడ్డతీగల మీదికి, 19న రంపచోడవరము మీదికి రాజు దళము వెళ్లినప్పుడు అక్కడ ఆయుధములు దొరకలేదు. ముందుగానే వాటిని తప్పించినారు. దొంగ చేతికి చిక్కకుండ దాచుట కూడ సన్నద్ధతలో ఒక భాగమే.

ఈ రెండింటికి నడుమ, సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మరియొక సంఘటన జరిగినది. స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు బ్రిటిషు అధికారులు పోలీసు దళముతో ఇరుకు దారిన వస్తుండగా, పొదలలో పొంచియున్న రాజు అనుచరులు ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, ఆ ఇద్దరు అధికారులను గురిచూచి కాల్చినారు. ఇద్దరూ అక్కడనే మరణించినారు. వారు నిరాయుధులు కారు, నిద్రలోనూ లేరు. దాడి ఎక్కడ, ఎప్పుడు జరుగవలెనో నిర్ణయించే అధికారము ఎదుటివానిది అయినప్పుడు, నడుములోని ఆయుధము ఎంత సిద్ధముగా ఉన్నా ప్రయోజనము స్వల్పము.

పిస్తోలు: అయిదు మెట్లు

ఇరువదవ శతాబ్దిలో తనంత తాను తూటా మార్చుకొనే పిస్తోలు వచ్చినది. పిడిలో తూటాల పెట్టె. పై తొడుగును వెనుకకు లాగి వదలితే ఒక తూటా గొట్టములోని అరలోకి ఎక్కుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించి 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన కోల్ట్ పిస్తోలులో రెండు భద్రతలు ఉన్నవి: బొటనవ్రేలితో త్రిప్పే మీట ఒకటి, పిడిని గట్టిగా పట్టుకొంటేనే లోనికి పోయే పలక మరొకటి. గుఱ్ఱముపై నున్న రౌతు ఒక చేత్తో కళ్లెము పట్టి, రెండవ చేత్తో కాల్చవలెను. మధ్యలో కాల్చుట ఆపి పిస్తోలును మరల భద్రపరచవలెను. ఈ ఏర్పాటు అతనికి తగినది.

ఇట్టి పిస్తోలును ఎన్ని స్థితులలో ఉంచవచ్చునో అమెరికా శిక్షకుడైన జెఫ్ కూపర్ అయిదు మెట్లుగా విభజించినాడు. అన్నిటికంటె క్రింది మెట్టున అర ఖాళీ, తూటాల పెట్టె కూడ లేదు. దానిపై మెట్టున పెట్టె ఉన్నది గాని అర ఖాళీ. మూడవ మెట్టున అరలో తూటా ఉన్నది, సుత్తి దించి ఉన్నది. నాలుగవ మెట్టున అరలో తూటా, లేచిన సుత్తి, బిగించిన భద్రతా మీట. చిట్టచివరి మెట్టున ఆ భద్రతా మీట కూడ విప్పి ఉన్నది.

ఇందులో ఏది మేలు? రెండు సంప్రదాయములు ఏర్పడినవి. 1920, 30లలో షాంఘై నగరపు పోలీసు శాఖలో – దానిలో మన సిక్కు జవానులు కూడ పెద్ద సంఖ్యలో ఉండిరి – విలియం ఫెయిర్‌బెయిర్న్ అను అధికారి ఖాళీ అర పద్ధతిని నిర్బంధము చేసినాడు. బయటి భద్రతా మీటను పనిచేయకుండ బిగించివేసి, పిస్తోలు తీయగానే తొడుగు లాగి కాల్చుటను పదే పదే అభ్యాసము చేయించినాడు. వేలమంది జవానులలో ఒక్కడు భద్రతా మీటను మరచినా ప్రమాదమే; ఖాళీ అర మాత్రము మరచినా పేలదు అన్నది ఆయన తర్కము. కూపర్ తర్కము వేరు: అపాయము వచ్చినప్పుడు రెండవ చేయి ఖాళీగా ఉండునని నమ్మకము లేదు, కనుక నాలుగవ మెట్టు మేలు.

ఇద్దరి వాదములోనూ సత్యమున్నది. కన్ను చూచినదానికి వ్రేలు కదలుటకే సుమారు అయిదవ వంతు సెకండు పట్టును. 1983లో డెన్నిస్ ట్యూలర్ అను అమెరికా పోలీసు శిక్షకుడు ఇంకొక లెక్క చూపినాడు. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరమును సుమారు ఒకటిన్నర సెకండ్లలో దాటగలడు. శిక్షణ పొందినవాడు ఒరలోని పిస్తోలు తీసి కాల్చుటకు దాదాపు అంతే కాలము పట్టును. తొడుగు లాగుటకు పట్టే సమయము దీనికి అదనము. చిన్నబిడ్డ చేయి పట్టుకొని నడిచేవానికి, ఒక చేతికి గాయము తగిలినవానికి తొడుగు లాగుట అసాధ్యము కావచ్చును.

క్రిందపడిన పిస్తోలు

ఇప్పుడు రెండవ వైపు చూతము. నడుము ఎత్తు అనగా 1.2 మీటర్ల నుండి పిస్తోలు జారిపడినదనుకొందము. నేలను తాకునప్పటి దాని వేగము సెకండుకు సుమారు 4.85 మీటర్లు. మూతి నేలకు తగిలి పిస్తోలు ఆగిపోతుంది. లోపలి సూది మాత్రము జడత్వముచే అదే వేగముతో ముందుకు పోజూచును. హఠాత్తుగా ఆగిన బస్సులో నిలుచున్నవాడు ముందుకు తూలుట వంటిదే ఇది. సూదిని ఆపుచున్నది ఒక చిన్న స్ప్రింగు. ఆ స్ప్రింగు అలసినదైతే, సూది బరువైనదైతే, తూటా పేలవచ్చును.

ఈ అపాయమును తొలగించుటకు సూదికి అడ్డముగా ఒక మేకును పెట్టి, మీట నొక్కినప్పుడే అది తొలగేటట్లు చేయు పద్ధతి క్రమముగా వ్యాపించినది. 1982లో ఆస్ట్రియా సైన్యము స్వీకరించిన గ్లాక్ పిస్తోలులో బయట త్రిప్పవలసిన భద్రతా మీట లేదు. మూడు భద్రతలు లోపలనే ఉండి, మీట నొక్కినప్పుడు ఒకదాని వెంట ఒకటి విడిపోయి, వదలగానే మరల బిగుసుకొనును. మీటకు కావలసిన బలము సుమారు రెండున్నర కిలోలు. పడితే పేలదు, మీట నొక్కితే పేలును. ఆ నొక్కినది వ్రేలా, చొక్కా కొసా, మెత్తబడిన తోలు ఒర మడతయా అన్న విచక్షణ యంత్రమునకు లేదు. యంత్రము చేయగలిగినదంతా చేసిన తరువాత మిగిలిన ప్రమాదము మనిషి వ్రేలికీ, ఒరకూ చేరినది.

మన దేశములో

స్వాతంత్ర్యోద్యమ కాలములో ఆయుధ చట్టము ఒక అవమానముగానే భావింపబడినది. 1930 జనవరిలో గాంధీజీ ప్రభుత్వము ముందుంచిన పదకొండు కోరికలలో, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ప్రజల అదుపునకు లోబడి ఇయ్యవలెనన్నది ఒకటి. అహింసావాదియైన ఆయన అడిగినది తుపాకి కాదు, నమ్మకము. స్వతంత్ర భారతము 1959లో కొత్త ఆయుధ చట్టమును చేసినది. 1962 నియమముల స్థానే 2016లో కొత్త నియమములు వచ్చినవి. 2019 సవరణ ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదన్నది. ఆత్మరక్షణ హక్కు పూర్వము శిక్షాస్మృతి 96 నుండి 106 వరకు గల సెక్షన్లలో ఉండెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నది. ఆ హక్కుకు ఒక హద్దు కూడ అక్కడనే ఉన్నది: రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. ఎన్నికల సమయమున లైసెన్సుదారులు తమ ఆయుధములను పోలీసు స్టేషనులో అప్పగించుట మన పల్లెలలో అందరు ఎరిగినదే.

2014లో కాన్పూరు కర్మాగారము నుండి స్త్రీల ఆత్మరక్షణకని ‘నిర్భీక్’ అను తేలికపాటి రివాల్వరు వెలువడినది. దాని బరువు సుమారు అర కిలో. ధర లక్ష రూపాయలకు పైమాట. అంత ధర పెట్టగలవారు ఎందరు, సంచిలో ఉన్న దానిని సమయానికి తీయగలవారు ఎందరు అన్న ప్రశ్నలు అప్పుడే లేచినవి. సంచి అడుగున ఉన్న రివాల్వరు ఎన్ని తూటాలతో నిండి ఉన్నా అది క్రింది మెట్టుననే ఉన్నట్లు లెక్క.

లెక్క చూచుకొందము

మా విద్యార్థులకు నేను చెప్పే లెక్క ఒకటి ఉన్నది. ఏడాదికి 8,760 గంటలు. పదేండ్లకు 87,600 గంటలు. ఆయుధము కలవాడు ఆ గంటలన్నియు దానితో కాపురము చేయవలెను. అది నిజముగా అక్కరకు వచ్చే కాలము పదేండ్లలో కొన్ని సెకండ్లు. పలువురికి అదియూ రాదు. ఆ కొన్ని సెకండ్లలో అర సెకండు ఆదా చేయుటకై 87,600 గంటల ప్రమాదమును పెంచుకొనుట ఎంతవరకు లాభము? గంటకు కలిగే ప్రమాదము ఎంత స్వల్పమైనా, దానిని అన్ని గంటలతో హెచ్చించినప్పుడు స్వల్పముగా ఉండదు. ఎదురుగా నిజమైన బెదిరింపు ఉన్నవానికి, అనగా విధి నిర్వహణలో ఉన్న పోలీసు అధికారికి, అంగరక్షకునికి, లెక్క మారును. అవసరమగు అవకాశము హెచ్చును కనుక.

కనుక అందరికీ ఒకే సమాధానము లేదు. శిక్షణ ఉన్నవాడు, క్రిందపడినా పేలని పిస్తోలు కలవాడు, మీటను పూర్తిగా కప్పే గట్టి ఒర వాడువాడు, ప్రతి వారము అభ్యాసము చేయువాడు అరలో తూటా ఉంచుకొనుటకు అర్హుడు. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా షాంఘై పద్ధతియే మేలు. ఇక ఇంటికి చేరిన తరువాత, పిల్లలున్న గదిలో, ఎంతటి నిపుణునికైనా క్రింది మెట్టు తప్ప వేరు లేదు: తుపాకి ఖాళీగా, తాళములో, తూటాలు వేరొక తాళములో.

ఆ పేలుడు తరువాత మా తాతయ్య మందు దట్టించి ఉంచుట కూడ మానివేసినాడు. పందులు ఆ ఏడు మొక్కజొన్నను చాలవరకు పాడుచేసినవి. ఇంట్లో ఎవ్వరూ ఆయనను ఆ సంగతి అడుగలేదు. కొన్నాళ్లకు లైసెన్సును తిరిగి రాయించుకొనక తుపాకిని స్టేషనులో అప్పగించినాడు. కేపులన్నీ కూడ వారికే ఇచ్చివేయగా ఇత్తడి డబ్బీ ఒక్కటి మిగిలినది. ఆనాడు పెంకుల క్రింద పలక పట్టుకొని కూర్చున్న మా చెల్లెలు ఈనాడు బడిలో పాఠములు చెప్పుచున్నది. ఆ డబ్బీ ఆమె వద్దనే ఉన్నది; సుద్దముక్కలు వేసుకొంటుంది.